కరామాలో షవరు నీళ్ళ తగువు

వదిన దుబాయ్ కరామాలో కాపురం ఉంటుంది. మరిది అల్ ఖూజ్‌లో కంపెనీ వసతిలో ఉంటూ, భవనాల నిర్వహణలో ప్లంబింగ్ పని చూస్తాడు. ఇద్దరిదీ కోనసీమే. ఆదివారం భోజనానికి వచ్చిన మరిది చేతిలో వదిన ఒక కొత్త షవరు ఫిల్టరు పెట్టి బిగించమంది. అతను బిగించనన్నాడు. అక్కణ్ణుంచి సాగిన వాదన ఇది. దుబాయ్, షార్జా, అబుదాబీల్లో కాపురాలున్న తెలుగు ఇళ్ళన్నింటికీ పనికొస్తుందని రాసిపెట్టాను.

వదిన: అయిదు నిమిషాల పనికి ఇంత బెట్టు ఏంటయ్యా? దువ్వెన నిండా జుట్టే వస్తోంది. చిన్నదాని ఒళ్ళు చూడు, తెల్లగా పొట్టు రేగిపోతోంది. సముద్రం నీళ్ళాయె. ఉప్పు తీసినంత మాత్రాన ఆ గరుకుదనం పోతుందా?

మరిది: సముద్రం నీళ్ళు కాబట్టే గరుకు లేదు వదినా. జెబెల్ అలీలో సముద్రపు నీటిని కాచి, ఆవిరి పట్టి చల్లార్చే పద్ధతి ఉంది. సన్నటి పొరల గుండా ఒత్తిడితో తోసే పద్ధతీ ఉంది. అబుదాబీ దగ్గర తవీలాలో ఈ పొరల పద్ధతిలోనే రోజుకు 9 లక్షల ఘనపు మీటర్లు తీస్తారు. అలా వచ్చిన నీళ్ళలో లవణాలు ఎంత తక్కువంటే, ఉన్నవి ఉన్నట్టు పంపితే పైపుల్నీ ట్యాంకుల సిమెంటునూ తినేస్తాయి. అందుకని సున్నం పాలు కొంత చేర్చి మరీ పంపుతారు. అంతర్వేది వైపు ఉప్పు బోర్లు మీకు తెలుసుగా, సబ్బు విరిగిపోయి నురగే రాదు. ఇక్కడ మీ సబ్బు నురగ రావడం లేదా?

వదిన: వస్తుంది. మరి షవరు బొక్కల చుట్టూ సున్నం కొట్టినట్టు ఆ తెల్ల పొర ఏంటి? అద్దం మీద మచ్చలేంటి?

మరిది: అది ఆ చేర్చిన సున్నమే. నీళ్ళు వేడెక్కితే కరిగిన కాల్షియం రాయిగా విడిపోతుంది. ఈ ఊరి వేడికి షవరు మీద మిగిలిన తడి గంటలో ఆరిపోతుంది, ఆరినప్పుడల్లా ఒక పూత పడుతుంది. తెల్ల పొర ఉందంటే కాల్షియం ఉందని అర్థం, ఎక్కువ ఉందని కాదు. అల్ ఐన్, రస్ అల్ ఖైమా వైపు పాత బావుల నీళ్ళు వాడేచోట మీ మాట నిజం కావచ్చు. కరామాలో కాదు.

వదిన: దుకాణంలో అబ్బాయి మీటరు ముంచి అంకె చూపించాడు.

మరిది: ఆ టీడీఎస్ మీటరు నీళ్ళలో కరిగిన లవణాలన్నింటి మొత్తం చెబుతుంది. అందులో కాల్షియం వాటా ఎంతో చెప్పదు. అసలు సంగతి, మీ చేతిలో ఉన్న ఫిల్టరు నీళ్ళను మెత్తబరచదు. దాని కడుపులో రాగి, జింకు కలిపిన రజను, బొగ్గు ఉంటాయి. క్లోరిన్ వాసన తగ్గిస్తుంది, తుప్పు రజను ఆపుతుంది. అంతే. కాఠిన్యం తీయాలంటే ఉప్పు పోసి నడిపే సాఫ్ట్‌నర్ కావాలి. అరచేతిలో పట్టే డబ్బా వల్ల అది కాదు.

వదిన: అంటే జుట్టు రాలడానికీ నీళ్ళకూ సంబంధమే లేదంటావు.

మరిది: కోయంబత్తూరు డాక్టర్లు 2013లో చూశారు. ఒక్కో మనిషి వెంట్రుకల్ని కొన్ని కఠిన జలంలో, కొన్ని డిస్టిల్డ్ వాటర్లో నానబెడుతూ, నెల తర్వాత లాగి పరీక్షించారు. బలంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2018లో పాకిస్తాన్ వాళ్ళ పరీక్షలో మాత్రం కఠిన జలానికి వెంట్రుక బలం తగ్గిందని వచ్చింది. రెండూ చిన్న పరీక్షలే. కానీ రెండూ వెంట్రుక తెగడం గురించి. కుదురుతో సహా ఊడటం వేరు వదినా. రాలిన వెంట్రుక చివర తెల్లటి చిన్న బొడిపె ఉందేమో చూడండి. ఉంటే అది తెగింది కాదు, మొదలంటా ఊడింది. జ్వరం, కాన్పు, ఇనుము తక్కువవడం, థైరాయిడ్, దిగులు, వీటి దెబ్బ రెండు మూడు నెలల తర్వాత దువ్వెనలో కనబడుతుంది. ఫిల్టరు డబ్బులు పెట్టి రక్తపరీక్ష చేయించుకోండి.

వదిన: చిన్నదాని చర్మం సంగతో? దానికీ థైరాయిడేనా?

మరిది: ఇంగ్లండులో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లల మీద పరీక్ష పెట్టారు. కొందరి ఇళ్ళలో నిజమైన సాఫ్ట్‌నర్లే బిగించారు, డబ్బా ఫిల్టర్లు కాదు. 2011లో ఫలితాలు వచ్చాయి. మామూలు వైద్యంతో వచ్చిన గుణానికి మించి సాఫ్ట్‌నర్ అదనంగా చేసిందేమీ లేదు. చిన్నదాన్ని మరీ వేడినీళ్ళలో ఎక్కువసేపు ఉంచకండి, తడి ఆరకముందే ఒంటికి నూనో క్రీమో రాయండి.

వదిన: నువ్వు చదివినవన్నీ బాగానే ఉన్నాయి. కానీ బాబూ, క్లోరిన్‌కు ఒళ్ళు ఎండిపోతుందని నువ్వు కూడా కాదనలేవు. ఈ ఫిల్టరు క్లోరిన్ తగ్గిస్తుందని నీ నోటితో నువ్వే అన్నావు. అద్దె ఇంట్లో ఉన్నదాన్ని, పైన ట్యాంకు నాది కాదు, గోడలో పైపు నాది కాదు. నా చేతిలో ఉన్నది ఈ షవరు ఒక్కటే. ఉన్న ఒక్కదాన్నీ వద్దంటావేం?

మరిది: ఆ క్లోరినే ఈ ఎండల్లో మనకు కాపలా, అందుకని. బొగ్గు దాన్ని మింగేస్తే, ఫిల్టరు లోపల వెచ్చటి తడి చీకటి మిగులుతుంది. కార్ట్రిడ్జి వేళకు మార్చకపోతే అందులో పాకుడు కడుతుంది. ఇంతకీ మీరు పోయినసారి కొన్నది ఎప్పుడు మార్చారు?

వదిన: అది పారేశానులే.

మరిది: సరే, అసలు సంగతికి వస్తాను. మీ హీటర్లు రెండూ మేలో ఆపేశారు కదూ?

వదిన: నేనొక్కదాన్నేనా? దుబాయ్‌లో ఆపని ఇల్లు ఎక్కడుంది? జూలైలో చన్నీళ్ళ కుళాయి తిప్పితే 40 దాటిన నీళ్ళు పడతాయి, ఒళ్ళు కాలుతుంది. హీటరు ఆపేస్తే దాని ట్యాంకు లోపల ఏసీ చల్లదనానికి నీళ్ళు చల్లారతాయి. అప్పుడు ఎర్ర గుర్తు వైపు తిప్పితే చల్లవి, నీలం వైపు తిప్పితే వేడివి. మా పక్కింటి మలయాళీ ఆవిడ నేర్పింది. ఇది లేకపోతే చంటిపిల్లకి స్నానం ఎలా పోయమంటావు?

మరిది: పోయవద్దనను. కానీ ఆ ట్యాంకులో నీళ్ళు మరీ చల్లగా ఉండవు, వేడిగానూ ఉండవు. 30 డిగ్రీల చుట్టుపక్కల గోరువెచ్చగా నెలల తరబడి ఉంటాయి. లీజియొనెల్లా అనే బాక్టీరియాకు 25 నుంచి 45 డిగ్రీల దాకా పండగే. మామూలుగా తాగితే రాదు, మనిషి నుంచి మనిషికి అంటుకోదు. షవరు తుంపర్లు ఊపిరితో లోపలికి పోతే నిమోనియా తెస్తుంది. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్‌లో మాజీ సైనికుల సభకు వెళ్ళినవాళ్ళు వరసగా చచ్చిపోతే, కారణం ఈ బాక్టీరియానే అని కనుక్కోవడానికి నెలలు పట్టింది. అంత దూరం ఎందుకు? 2016 అక్టోబరు నుంచి దుబాయ్ వచ్చి వెళ్ళిన యూరప్ ప్రయాణికుల్లో ఈ జబ్బు పెరిగిందని యూరప్ వ్యాధి నియంత్రణ కేంద్రం ఆ డిసెంబరులో హెచ్చరిక ఇచ్చింది. వాళ్ళంతా ఒకే హోటల్‌లో దిగినవాళ్ళు కూడా కాదు.

వదిన: భయపెట్టకు. నేనొకటి అడుగుతాను, చెప్పు. గోరువెచ్చదనమే దోషమైతే, పైన ట్యాంకులో నీళ్ళూ 40 డిగ్రీలేగా? నీలం వైపు కుళాయిలోనూ అదే ప్రమాదం ఉండాలిగా? హీటరు మీద ఒక్కదాని మీదే పడతావేం?

మరిది: ఆ ప్రశ్న సరైనది. పై ట్యాంకులోనూ ప్రమాదం ఉంది. వేడికి క్లోరిన్ త్వరగా తరిగిపోతుంది కూడా. కాకపోతే అక్కడ బిల్డింగంతా వాడుతుంది కాబట్టి రోజూ కొత్త నీళ్ళు, కొత్త క్లోరిన్ వస్తాయి. హీటరు అడుగున మడ్డి, సున్నపు పెచ్చులు పేరుకుంటాయి. ఆ మడ్డిలో దూరిన సూక్ష్మజీవికి క్లోరిన్ అందదు.

వదిన: మా ఇంట్లోనూ రోజూ కొత్త నీళ్ళేనయ్యా. హీటరు 50 లీటర్లది. నలుగురం స్నానాలు చేస్తే పొద్దున్నకే దాని కడుపు రెండు సార్లు ఖాళీ అవుతుంది. నిలవ ఉండే సమయం ఎక్కడిది?

మరిది: పెద్ద బాత్రూము మటుకు ఒప్పుకుంటాను. మడ్డి మాట అలాగే ఉన్నా, రోజూ పారే నీటికి ముప్పు తక్కువ. గెస్ట్ బాత్రూము?

వదిన: దాన్ని ఎవరు వాడతారు? బట్టలు ఆరేసుకుంటాం.

మరిది: అక్టోబరులో నాన్న వస్తున్నాడు. ఆ గదిలోనే దింపుతారు, ఆ బాత్రూములోనే స్నానం. 70 దాటిన మనిషి. నలభై ఏళ్ళు చుట్ట కాల్చిన ఊపిరితిత్తులు. మే నుంచి ఆ హీటరులో కదలని నీళ్ళు, ఆ షవరు గొట్టంలో కదలని నీళ్ళు. ఈ జబ్బు ఎవర్ని వెతుక్కుంటుందో ఆ లక్షణాలన్నీ ఆయనలో ఉన్నాయి వదినా. పిల్లలకు, మీకు రాదని కాదు. ఆయనకు వస్తే తట్టుకోలేడు.

వదిన: … మావయ్యగారి సంగతి నాకు తట్టలేదు. ఏం చేయమంటావు, చెప్పు.

మరిది: ఆయన రాకముందే హీటరు వేసి, థర్మోస్టాట్ 60 దాటించి, కొన్ని గంటలు ఉంచాలి. 50 డిగ్రీల దగ్గర ఆ బాక్టీరియా చావడానికి గంటలు పడుతుంది, 60 దగ్గర నిమిషాలు చాలు. తర్వాత షవరు తల విప్పేసి, గొట్టం చివర బకెట్ అడుగుకు ఆనించి, తుంపర లేవకుండా ఆ వేడినీళ్ళను కొన్ని నిమిషాలు వదిలేయాలి. తలుపు తీసి, ఫ్యాను వేసి, మీరు బయట ఉండాలి. ఆ నీళ్ళు ఒళ్ళు కాలుస్తాయి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ హీటరు ఆపవద్దు.

వదిన: వేసవి అంతా పెద్ద బాత్రూములోనూ అలాగే మంట పెట్టి ఉంచమంటే నావల్ల కాదు. కరెంటు బిల్లు నువ్వు కడతావా?

మరిది: అక్కర్లేదు. వారానికి ఒక రాత్రి వేసి, తెల్లారి ఆ వేడినీళ్ళు పైపుల్లోకి వదిలి ఆపేయండి. 50 లీటర్లు 30 నుంచి 60 డిగ్రీలకు చేరడానికి రెండు యూనిట్లు పట్టవు. దుబాయ్ కరెంటు, నీళ్ళ సంస్థ దీవా మొదటి శ్లాబు యూనిట్‌కు 23 ఫిల్స్. సర్‌చార్జీ కలుపుకున్నా దిర్హామ్ దాటదు. ఫిల్టరు ఎంత పెట్టి కొన్నారు?

వదిన: అది అడగకు. సరే, నువ్వు చెప్పింది ఒప్పుకున్నాను. కానీ నా మాట కూడా విను. ఈ మధ్య నీళ్ళు కుళ్ళిన గుడ్డు వాసన వేస్తున్నాయి. బిల్డింగ్ వాచ్‌మన్ నాతూర్‌కు చెప్తే "డ్రైనేజీ" అంటాడు, ఆఫీసుకు ఫోను చేస్తే "మునిసిపాలిటీ నీళ్ళు" అంటారు. ఎవరిది తప్పో తెలియక నాలాంటివాళ్ళు దుకాణానికి పరిగెడతారు. ఫిల్టరు కొన్నందుకు నన్ను తిడుతున్నావు గానీ, ఆ సమాధానాలు చెప్పినవాళ్ళను ఏమంటావు?

మరిది: వాళ్ళను వెనకేసుకు రాను. కానీ తప్పు ఎవరిదో మీరే తేల్చుకోవచ్చు. గ్లాసులో వేడి వైపు, అంటే ఎర్ర గుర్తు వైపు నీళ్ళు పట్టి, హాల్లోకి తీసుకెళ్ళి వాసన చూడండి. గ్లాసులో వాసన లేకపోతే అది నేల మీద జాలీ కింద నుంచి వస్తోంది. ఉంటే, ఇప్పుడు నీలం గుర్తు వైపు పట్టి చూడండి. ఎర్ర గుర్తు వైపు మాత్రమే ఉంటే మీ హీటరే. లోపల తుప్పు పట్టకుండా మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. నిలవ నీటి బాక్టీరియాకు అది తోడై ఆ వాసన పుట్టిస్తుంది. రెండు వైపులా ఉంటే పై ట్యాంకు.

వదిన: ఎర్ర నీళ్ళకూ ఇదే లెక్కా?

మరిది: ఇదే. వేడి వైపే ఎర్రగా వస్తే హీటరు ట్యాంకు తుప్పు పడుతోంది, మార్చే రోజు దగ్గరకొచ్చింది. రెండు వైపులా అయితే, ఎదురు ఫ్లాటు తలుపు కొట్టి అడగండి. వాళ్ళకూ ఉంటే బిల్డింగ్ సమస్య. పాలలా తెల్లగా వస్తే కంగారు పడకండి, గ్లాసు కింద పెట్టి చూడండి. అడుగు నుంచి పైకి తేరుకుంటే అది గాలి బుడగలే. నేల జాలీ వాసనకు మందు చెంబెడు నీళ్ళు. జాలీ కింద వంపులో నీళ్ళు నిలిచి డ్రైనేజీ గాలిని ఆపుతాయి. మనం రెండు నెలలు ఊరెళ్తే అవి ఆవిరైపోతాయి. వెళ్ళేముందు ఒక బకెట్ నీళ్ళు పోసి, పైన నాలుగు చెంచాల వంటనూనె వేస్తే తొందరగా ఆరవు.

వదిన: టైల్స్ సందుల్లో గులాబీ రంగు జిగురు?

మరిది: అది కూడా బాక్టీరియానే, సబ్బు మడ్డి తిని బతుకుతుంది. బ్రష్షుతో రుద్ది, బ్లీచింగ్ పెట్టి, గది ఆరేలా చూడండి. షవరు తలకు పట్టిన సున్నానికి వెనిగర్ చాలు. ప్లాస్టిక్ సంచిలో పోసి, తల మునిగేలా రబ్బరు బ్యాండ్ వేసి రెండు మూడు గంటలు ఉంచండి. ఒకటి మరవద్దు, బ్లీచింగూ వెనిగరూ ఒకే పూట కలపకూడదు, విషవాయువు పుడుతుంది.

వదిన: మరి పై ట్యాంకు? 2024 ఏప్రిల్ 16 వానకు బేస్‌మెంట్ అంతా మునిగింది. పై ట్యాంకుకు నీళ్ళు పంపే కింద ట్యాంకులోకి మూత మీదుగా వాన నీళ్ళు పోయాయి. వారం రోజులు నీళ్ళు బురద వాసన. అప్పుడు నా షవరు కడిగితే ఏం లాభం?

మరిది: అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఆ ఒక్క వానకే 254 మిల్లీమీటర్లు పడింది. 1949 నుంచి ఉన్న లెక్కల్లో అంత వాన లేదు. నీళ్ళు కలుషితమై కొందరికి జబ్బు చేసిందని ఆరోగ్య శాఖ కూడా చెప్పింది. అలాంటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, ఎక్కువ మోతాదు క్లోరిన్ పెట్టి గంటసేపు ఉంచి, మళ్ళీ కడిగి నింపాలి. అది మీ పని కాదు, యజమాని పని. అసలు మామూలు రోజుల్లోనే ఆరు నెలలకోసారి మునిసిపాలిటీ ఆమోదం ఉన్న కంపెనీతో ట్యాంకు కడిగించాలి. కడిగినట్టు కాగితం ఉంటుంది. అది చూపించమని అడగండి.

వదిన: అడిగితే అద్దె పెంచుతారని మా ఆయన భయం.

మరిది: దుబాయ్ అద్దె చట్టం, 2007లో వచ్చిన 26వ నంబరుది, 16వ అధికరణ చూడండి. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే మరమ్మతు, నిర్వహణ యజమానివే. ఫోనులో కాదు, ఈమెయిల్ పెట్టండి, గ్లాసులో పట్టిన నీళ్ళ ఫొటో జత చేయండి. నేను ట్యాంకుల్లోకి దిగే మనిషిని. మూత సరిగ్గా మూయని ట్యాంకులో ఏముంటాయో చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. ఒక్కరు అడిగితే పక్కన పెడతారు, అంతస్తు అంతా అడిగితే మనిషిని పంపుతారు.

వదిన: అడుగుతాను. పక్కింటి ఆవిడతో కూడా పెట్టిస్తాను. ఫిల్టరు మాత్రం తిరిగి ఇవ్వను. క్లోరిన్ వాసన నాకు పడదు, అది నా ఇష్టం.

మరిది: మీ ఇష్టమే. పెద్ద బాత్రూములో బిగిస్తాను. మార్చాల్సిన తేదీ దాని మీదే రాస్తాను. నాన్న బాత్రూములో మటుకు బిగించను.

ఇక్కడ నా మాట. వదిన వాదనలో నాకు నచ్చింది ఆమె అడిగిన ఆ ఎదురు ప్రశ్న. గోరువెచ్చటి నీరు దోషమైతే నీలం వైపు కుళాయి సంగతేమిటని ఆమె నిలదీయకపోతే పై ట్యాంకు మాట బయటికే వచ్చేది కాదు. ఫిల్టరు విషయంలో నేను మరిది పక్షం. ప్రభుత్వం పంపే నీళ్ళు మంచివే. అవి చెడేది బిల్డింగ్ ట్యాంకు నుంచి మన షవరు దాకా ఉన్న ఆ చివరి దారిలో.

ఆ మాటకొస్తే మరిది ఉండే వసతి గురించి ఇద్దరూ ఎత్తలేదు. అల్ ఖూజ్‌లో, సోనాపూర్‌లో, అబుదాబీ ముసఫ్ఫాలో కరీంనగర్, నిజామాబాద్, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మన పిల్లలు వరస బాత్రూముల్లో స్నానాలు చేస్తారు. అక్కడ హీటరు వేయడం, ఆపడం వాళ్ళ చేతిలో లేదు, ట్యాంకు కాగితం అడిగే వీలూ తక్కువ. ఎండాకాలం పనినుంచి వచ్చిన మనిషి మీద 40 డిగ్రీల నీళ్ళు పడతాయి. వసతుల్లో సూపర్‌వైజర్లుగా ఉన్న తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. ట్యాంకు ఆఖరుసారి ఎప్పుడు కడిగారో మీరు అడగండి. వాళ్ళ తరఫున అడగగలిగింది మీరే.

ఊరి నుంచి అమ్మానాన్నల్ని రప్పించుకునేవాళ్ళకు ఒక విన్నపం. విమానం దిగేలోపే ఆ గది బాత్రూము హీటరు వేసి, నీళ్ళు వదిలి ఉంచండి. వచ్చిన రెండు వారాల్లోపు వాళ్ళకు జ్వరం, దగ్గు, ఆయాసం, మాట తడబాటు కనబడితే ప్రయాణ బడలిక అనుకోకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఎక్కడ స్నానం చేశారో, ఆ హీటరు ఎన్నాళ్ళు ఆపి ఉందో డాక్టరుకు చెప్పండి. మామూలు నిమోనియాకు వాడే పెన్సిలిన్ జాతి మందులు లీజియొనెల్లా జబ్బు మీద పనిచేయవు. మీరు చెబితే మూత్ర పరీక్షతో చాలావరకు త్వరగా తేలుతుంది, సరైన మందు వేళకు పడుతుంది.